ఒక పాలు పసరు, ఏడు పాళ్ళు తేనె

అనగనగా అంటే ఎంత వెనకటి అనగనగానో తెలీదు గానీ, కర్ణికాపురం అనే దేశానికి ఒక రాజు ఉండేవాడు. పేరు గజకేతుడు. పేరుకి తగ్గ మనిషి. నిలబడితే నాలుగు మూరల ఎత్తు. కూర్చుంటే సింహాసనం కిర్రుమనేది. నవ్వితే సభలో దీపాలు రెపరెపలాడేవి. ఆ రాజుకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు జయధ్వజుడు, రెండోవాడు వీరధ్వజుడు, ఆఖరిది మేఖల.

కొడుకులిద్దరికీ గురువుగారొచ్చి త్రైరాశికం నేర్పేవాడు. త్రైరాశికం అనగానే భయపడిపోకండి. మూడు సంగతులు తెలిస్తే తెలియని నాలుగోదాన్ని పట్టుకోవడం, అంతే. ఇద్దరికి మూడు అట్లు పోస్తే పదిమందికి ఎన్ని పొయ్యాలి? అలాంటిదన్నమాట. అన్నలిద్దరూ సూత్రాన్ని ముందుకీ వెనక్కీ ఊగుతూ వల్లె వేసేవాళ్ళు. మేఖలకి మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆడపిల్లకి వీణ చాలన్నారు. ఆ పిల్ల తెర వెనక నిలబడి వినేది, విన్నదాన్ని వంటింటి అరుగు మీద చింతగింజలు పరుచుకుని తనంతట తనే నేర్చుకునేది. అట్లు ఎన్నో తేలేదాకా లేచేది కాదు.

ఒకరోజు నిండు సభలో గురువుగారు అడిగాడు: "ఒక్క సన్నాయి మేళగాడు పాట ఊది ముగించడానికి ఒక ఘడియ పడుతుంది. నలుగురు కలిసి ఊదితే ఎంత పడుతుంది?"

అన్నలు తలలు గోక్కుంటున్నారు. మేఖల ఆగలేకపోయింది. తెర వెనక నుంచే "పావు ఘడియ!" అని అరిచింది.

సభంతా గొల్లుమంది. రాజైతే పొట్ట పట్టుకుని నవ్వాడు. "నలుగురూ పాటని తలో ముక్కా కొరుక్కుతింటారా అమ్మాయీ?" అన్నాడు. ఆ నవ్వుకి రెండు దీపాలు ఆరిపోయాయి.

మేఖల మొహం కందగడ్డలా ఎర్రబడింది. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు మళ్ళీ చింతగింజల దగ్గర కూర్చుంది. కూర్చుని కూర్చుని తనకి తనే ఒక ప్రశ్న తయారుచేసుకుంది. "ఇది పెరిగితే అది పెరుగుతుందా? తరుగుతుందా? ఉన్నచోటే ఉంటుందా?" ఇకమీదట ఏ లెక్కనైనా ముందు ఈ ప్రశ్న అడక్కుండా ముట్టుకోకూడదు అనుకుంది. ఆ ప్రశ్న గురువుగారు నేర్పిన సూత్రంలో లేదు.

ఇలా ఉండగా ఆ సభకి ఒక మాంత్రికుడొచ్చాడు. పేరు వక్రనాసుడు. ముక్కు చూస్తే వంకీ కత్తిలా ఉంటుంది, మనిషి చూస్తే రాజుగారి మోకాలిదాకా కూడా రాడు. వచ్చి, మెడ పైకెత్తి, "రాజా! నీ రాజ్యంలో సగం నాకిచ్చెయ్" అన్నాడు.

గజకేతుడు వాణ్ణి చూశాడు. ఇంకా కిందకి వంగి చూశాడు. "నీ ఎత్తెంత, నీ కోరికెంత!" అని దీపాలన్నీ ఆరిపోయేలా నవ్వాడు.

వక్రనాసుడు ఆ చీకట్లోనే పళ్ళు నూరాడు. "నా పొట్టితనం చూసి నవ్వావా? అయితే ఆ రుచి నువ్వూ చూడు. అమావాస్య అమావాస్యకీ నువ్వు సగానికి సగం తరిగిపోతావు. నన్నేం చెయ్యలేరు. నా ప్రాణం ఇక్కడ లేదు. ఏడు సముద్రాల అవతల, దీవిలో, రాతి స్తంభం మీద, పంజరంలో చిలకలో ఉంది. చేతనైతే వచ్చి పట్టుకోండి!" అని గుప్పెడు బూడిద విసిరి మాయమైపోయాడు.

అమావాస్య వచ్చింది. నాలుగు మూరల రాజు తెల్లారేసరికి రెండు మూరలయ్యాడు. రాణిగారు గొల్లున ఏడ్చింది. పెద్దకొడుకు జయధ్వజుడు "నేను పోయి ఆ చిలక పీక పిసికేస్తాను" అని కత్తి కట్టుకుని బయల్దేరాడు.

సముద్రపు ఒడ్డున ఇల్లంత తాబేలు ఉంది. అది, "దాటిస్తాను గానీ నాయనా, నాకు తోటకూరంటే ప్రాణం. రెండు సముద్రాలు దాటడానికి ఆరు గంపల తోటకూర తింటాను. ఏడు సముద్రాలకీ సరిపడా నువ్వే తెచ్చుకోవాలి" అంది.

జయధ్వజుడు వేళ్ళు మడిచాడు. "రెండు సముద్రాలకి ఆరు గంపలు. రెండు కాస్తా ఏడయ్యింది. అంటే అయిదు పెరిగింది. ఆరుకి అయిదు కలిపితే పదకొండు. అంతేగా!" అని పదకొండు గంపలు వేసుకున్నాడు. నాలుగో సముద్రం సగం దాటాక కాసేపటికి గంపలన్నీ ఖాళీ. తాబేలు "ఇక నావల్ల కాదు" అని కాళ్ళు ముడిచేసుకుంది. అలలు వాళ్ళిద్దర్నీ తోసుకుంటూ తోసుకుంటూ తెచ్చి మళ్ళీ ఇదే ఒడ్డున పడేశాయి. యువరాజు జుట్టునిండా నాచు.

రెండో అమావాస్య వచ్చింది. రాజు మూరెడయ్యాడు. వీరధ్వజుడు లేచాడు. "అన్నయ్యకి తక్కువైంది. నేను వంద గంపలు వేస్తాను" అన్నాడు. బరువుకి తాబేలు ముక్కుదాకా మునిగిపోయింది. ఈదలేక ఈదలేక, కూరంతా కుళ్ళి కంపుకొడుతుండగా ఎలాగో అవతల పడింది. అలా వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. తాబేలొక్కటే తిరిగొచ్చింది.

మూడో అమావాస్య వచ్చింది. రాజు జానెడయ్యాడు. రాణిగారు ఆయన్ని ఇత్తడి మానికలో దూదిపరుపు వేసి పడుకోబెట్టింది. ఏ మానికతో వంటకి బియ్యం కొలిచేవారో ఆ మానికలో రాజుగారు! లోపలి నుంచి దోమ పాడినట్టు సన్నగా ఆజ్ఞలు వినిపించేవి.

మేఖల మానిక అంచు మీదుగా తొంగి చూసింది. కన్నుకి తగ్గ ముక్కు, ముక్కుకి తగ్గ మీసం. ఏదీ వంకర పోలేదు. జానెడున్నా అచ్చం నాన్నే. 

"నాన్నగారూ, నేను వెళ్తాను" అంది.

"నువ్వా తల్లీ?" అన్నాడు రాజు. ఈసారి నవ్వలేదు. "తొందరగా రా. ఇంకో మూడు నాలుగు అమావాస్యలు పోతే నన్ను బియ్యంలో రాళ్ళతోపాటు ఏరిపారేస్తారు."

మేఖల ఒడ్డుకెళ్ళింది. తాబేలు ఆ పిల్లని చూసి నిట్టూర్చింది. "నువ్వు మూడోదానివా? ఒకడు నన్ను మాడ్చాడు, ఒకడు నన్ను ముంచాడు. నువ్వేం చేస్తావమ్మా?"

"తాబేలు తాతా, సముద్రాలు పెరిగితే నువ్వు తినేది పెరుగుతుందా, తరుగుతుందా?"

"పెరగదూ మరి!"

"రెండు సముద్రాలకి ఆరు గంపలంటే, ఒక్క సముద్రానికి మూడు. ఏడు సముద్రాలకి ఏడు మూళ్ళు ఇరవై ఒకటి." అని ఇరవై ఒక్క గంపలు వేసి, పైన ఇంకొకటి పెట్టింది.

"ఇదేమిటి? లెక్క తప్పావే!" అంది తాబేలు.

"అది లెక్కలోది కాదు తాతా. మర్యాదకి."

తాబేలు మొహం విప్పారింది. ఉప్పు సముద్రం దాటింది, మూడు గంపలు తింది. చెరకుపాల సముద్రం దాటింది, మూడు గంపలు తింది. అలా తింటూ దాటుతూ, దాటుతూ తింటూ, ఏడో సముద్రం అవతలి ఇసకలో కాలు పెట్టేసరికి ఆఖరి గంప అడుగు కనిపించింది. మర్యాద గంప మాత్రం అలాగే మిగిలింది. "ఇది ఇప్పుడు తీరిగ్గా తింటాను. తిరుగు ప్రయాణానికి బెంగపడకు, ఇక్కడి జామాకు నాకు చాలు" అంది తాబేలు.

ఆ దీవినిండా జామచెట్లే. మధ్యలో నున్నటి రాతి స్తంభం. దాని పైన పంజరం. స్తంభం మొదట్లో గొలుసులతో కట్టేసి వీరధ్వజుడు!

"చెల్లీ! పారిపో!" అని అరిచాడు. "బాణానికి తాడు కట్టి వదిలి పైకెక్కాను. చిలక పీక దొరకబుచ్చుకుని పిసికాను. పిసికేకొద్దీ చిలక చిక్కిపోయింది, చిక్కేకొద్దీ మాంత్రికుడు ఎదిగిపోయాడు! చీపురుపుల్లతో ఈగని తీసినట్టు నన్ను తీసి కింద పారేశాడు. తాడు తెంపేశాడు. పగలు సముద్రంలో తిమింగలాల వేటకి పోతాడు, పొద్దు వాలాక వస్తాడు."

"వాడు మన సభకొచ్చినప్పుడు నాన్నగారి మోకాలిదాకా కూడా లేడు కదన్నయ్యా!"

"అదే నాకూ అర్థం కాలేదు. ప్రాణం చిలకలో ఉంటే చిలకని పిసికితే వాడు నీరసించాలి కదా?"

మేఖల నోట్లో ప్రశ్న అప్పుడే తిరగడం మొదలుపెట్టింది. ఇది తరిగితే అది... అయితే చిలకతోనే మాట్లాడాలి. కానీ పైకెక్కేదెలా?

జామకొమ్మల్లో కిచకిచలు వినిపించాయి. గడ్డి అల్లే గిజిగాళ్ళు, గుంపుకి గుంపు. పెద్ద గిజిగాడు కిందకి వచ్చి, "రాకుమారీ, మేం నిచ్చెన అల్లిపెడతాం. గడ్డి ఒక్క నిచ్చెనకే ఉంది. నేల మీద అల్లి ముక్కులతో పట్టుకుని పైకి ఎగరాలి. ఒక మూర తక్కువైతే అందదు. ఒక మూర ఎక్కువైతే మేం మొయ్యలేం. పొడవెంతో చెప్పు" అన్నాడు.

"స్తంభం నీడ కొలిస్తే సరి!" అన్నాడు వీరధ్వజుడు గొలుసుల్లోంచి. కొలిచారు. అరవై మూరలు వచ్చింది. గిజిగాళ్ళు గడ్డి తీశాయి.

"ఆగండాగండి" అంది మేఖల. "నీడ ఎప్పుడూ మనిషంతే ఉండదు." రెండు మూరల కర్ర ఒకటి తెచ్చి అక్కడే, అప్పుడే నిలబెట్టింది. దాని నీడ మూడు మూరలుంది. "చూశారా! రెండు మూరల కర్ర మూడు మూరల నీడ పరిచింది. ఎత్తు పెరిగితే నీడా పెరుగుతుంది, అదే పాళ్ళలో. మూడు మూరల నీడకి రెండు మూరల ఎత్తు. అరవైలో ఇరవై మూళ్ళున్నాయి. ఇరవై రెళ్ళు నలభై. నిచ్చెన నలభై మూరలు!"

"పొద్దు వాలుతోంది, మళ్ళీ ఒకసారి కొలుద్దామా?" అన్నాడు గిజిగాడు.

"వాలితే రెండు నీడలూ కలిసే సాగుతాయి. మళ్ళీ నలభయ్యే వస్తుంది. నువ్వు అల్లు."

అల్లాయి. ఎగిరాయి. పై కొస పంజరం కొక్కేనికి తగిలింది, కింది కొస నేలని ముద్దుపెట్టుకుంది. గిజిగాళ్ళ కిచకిచలతో దీవంతా మోగిపోయింది. మేఖల ఒడినిండా జామకాయలు పోసుకుని ఎక్కింది.

పంజరంలో చిలక ఉందంటే ఉంది. ఎముకలకి ఆకుపచ్చ ఈకలు గుచ్చినట్టుంది. మేఖల గడియ తీసింది.

"నువ్వూ పిసకడానికే వచ్చావా?" అంది చిలక నీరసంగా.

"లేదు. ఒక్క మాట చెప్పు. మా అన్న పిసక్కముందు నీ బరువెంత, వాడి ఎత్తెంత?"

"నేను ఒక జామకాయ బరువుండేవాణ్ణి. వాడు ఇరవైనాలుగు మూరలు. మీ అన్న చేతులు పడిపోను, పిసికాక నేను అరకాయ బరువుకి దిగాను. వాడు నలభైఎనిమిదికి ఎగబాకాడు. వెనకట నాకు మంచి తిండే పెట్టేవాడు. నేను గుమ్మడిపండులా ఉండేవాణ్ణి, వాడు బుడతడిలా ఉండేవాడు. మీ నాన్న నవ్విన రోజు నుంచీ నా తిండి మానిపించాడు. చుట్టూ ఇన్ని జామచెట్లు పెట్టి, ఒక్క కాయ పెట్టడు!"

"చిలకవి కదా, ఉండేవాణ్ణి అంటావేం?"

"అదో కథ. నీ ఒళ్ళో ఉన్నవి జామకాయలేనా?"

మేఖల వేళ్ళు మడిచి చూసుకుంది. నువ్వు సగమైతే వాడు రెట్టింపు! అందరూ చిలక తరిగితే వాడు తరుగుతాడనుకున్నారు. తలకిందులు! ఇది పెరిగితే అది తరుగుతుంది!

"తిను" అంది. "కడుపు పగిలేలా తిను!"

చిలక అరకాయ కొరికిందో లేదో సముద్రం మధ్య నుంచి ఒక గావుకేక. వక్రనాసుడు! నీళ్ళు మోకాళ్ళదాకా కూడా లేవు, అడుగుకో అల లేస్తోంది, వచ్చేస్తున్నాడు. వాడి తల స్తంభం కన్నా ఎత్తు. తాటిమానంత చెయ్యి చాచాడు. "ఎవతివే నువ్వు!"

అప్పటికి చిలక ఆ అరకాయా మింగేసింది. వాడు చాచిన చెయ్యి చాచినట్టే సగమైపోయింది. నలభైఎనిమిది మూరలవాడు ఇరవైనాలుగయ్యాడు. చెయ్యి పంజరానికి అందనే లేదు.

"ఇంకోటి!" అంది చిలక.

ఇంకోటి తింది. వాడు పన్నెండు మూరలు. ఇంకో రెండు తింది. ఆరు మూరలు. సముద్రపు నీళ్ళు వాడి నడుము దాటి, మెడ దాటి, గడ్డం దాకా వచ్చాయి. ఈదుకుంటూ ఒడ్డున పడి నిచ్చెన పట్టుకున్నాడు.

"చెల్లీ! నిచ్చెన ఎక్కుతున్నాడు!"

మేఖల ఒడి ఖాళీ అయిపోయింది. "గిజిగాడూ, కాయలు!" కింద తాబేలు చెట్లని డొప్పతో ఢీకొట్టి కాయలు రాల్చింది. గిజిగాళ్ళు నలుగురేసి ఒక్కో కాయ పట్టుకుని పైకి తెచ్చాయి. చిలక తింటోంది. అయితే మొదట్లో అరకాయకి సగమైనవాడు ఇప్పుడు నాలుగు కాయలకి గానీ సగం కావడం లేదు. ఆ తరవాతి సగానికి ఎనిమిది కావాలి. ఆ తరవాత పదహారు!

"ఇక నావల్ల కాదు తల్లీ" అంది చిలక. పంజరంలో పట్టక బయటికి వచ్చేసి కూర్చుంది. పొట్ట స్తంభం రాతికి ఆనుతోంది.

"వాడు నీకు ఎన్ని రోజులు తిండి పెట్టలేదు?"

చిలక కళ్ళు చింతనిప్పులయ్యాయి. "ఇలా పడెయ్యి!" అంది.

వక్రనాసుడు నిచ్చెన మీద మొదటి మెట్టున మూడు మూరలున్నాడు. సగం దూరం వచ్చేసరికి మూరన్నర. ఇంకా పైకొచ్చేసరికి ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టు అందుకోలేక, కాళ్ళు కొట్టుకుంటూ వేలాడుతున్నాడు. మేఖల దిగొచ్చి రెండు వేళ్ళతో వాణ్ణి పట్టుకుంది. సరిగ్గా జానెడు.

"సరిగ్గా మా నాన్నంత!" అంది మేఖల.

"శాపం పెడతా! మంత్రం వేస్తా!" అన్నాడు వాడు. కానీ ఆ గొంతు వాడికే సరిగ్గా వినిపించలేదు, మంత్రానికేం వినిపిస్తుంది? ఒక ఉత్త బూడిద చిటికె కూడా రాలలేదు. వీరధ్వజుడి గొలుసులు పుటుక్కున తెగిపడ్డాయి. వాడు లేస్తూనే చెల్లెల్ని భుజాల మీదకెత్తుకుని దీవంతా ఒక చుట్టు పరుగెత్తాడు.

స్తంభానికి ఒక తీగ అల్లుకుని ఉంది. "తరిగినవాళ్ళని పెంచి, శాపం కూడా తీర్చే పసరు ఇదే" అని చిలక చెప్పింది. "దేంతో ఎంత కలపాలో వాడు గొణుగుతుంటే విన్నాను. పాటలా వస్తుంది నాకు, అదీ ఎప్పుడో గానీ రాదు. ఇప్పుడు నన్ను పడుకోనివ్వు." ఆ మాట అంటూనే గుర్రుకొట్టింది. మేఖల తీగని నలిపి ముంతెడు పసరు పిండి, ఆకుతో మూత బిగించింది. పిండడం అవగానే తీగ వాడి రాలిపోయింది. ఇక దొరికేది లేదు.

వాళ్ళు ఇల్లు చేరేసరికి అయిదో అమావాస్య కూడా వెళ్ళిపోయింది. రాజుగారు మానికలో కాదు, రాణిగారి కుంకుమ భరిణె మూతలో పడుకుని ఉన్నాడు. బొటనవేలంత. మాటలు వినాలంటే చెవి ఆనించాలి.

మేఖల పసరు ముంత సభలో పెట్టి, తల్లిని కావలించుకోవడానికి లోపలికి పరుగెత్తింది. ఆ నిమిషంలోనే చిలక ఒళ్ళు విరుచుకుని నిద్రలేచి, నిద్రమత్తులో పాట ఎత్తుకుంది:

"పసరొక పాలు, తేనె ఏడు పాలు, నాలుక మీద పడితే చాలు!"

జయధ్వజుడు చెంగున లేచాడు. నాచు జుట్టుతో తిరిగొచ్చిన నాటి నుంచీ ఏదో ఒకటి చేసి చూపించాలని తపిస్తున్నాడు పాపం. "విన్నారా! పసరూ, ఒక ఆవు పాలు! తేనే, ఏడు ఆవుల పాలు! తొందరగా పితకండి!" అని అరిచాడు. రాజవైద్యుడు కూడా తలూపాడు. ఎనిమిది ఆవుల్ని తోలుకొచ్చారు. నురగలు కక్కే పాలు తెచ్చి గుండిగలో పోసి, ముంతెడు పసరూ బోర్లించేశారు.

పసరు తగలగానే పాలు విరిగిపోయాయి. గుండిగంతా పచ్చటి ముక్కలూ తేటా. పుల్లటి కంపు.

మేఖల వచ్చి చూసింది.  "అన్నయ్యా, ఏం చేశావు?"

"చిలకే చెప్పింది పాలని!"

"ఏం పాలు? తాగే పాలా? పంచుకునే పాలు అన్నయ్యా! ఇది నీ పాలు, ఇది నా పాలు అంటామే, ఆ పాలు! ఒక పాలు పసరుకి ఏడు పాళ్ళు తేనె!"

జయధ్వజుడు కుప్పలా కూలబడ్డాడు. "చెల్లీ, నాన్నని నేనే చంపుకున్నాను" అని మొహం కప్పుకున్నాడు. సభలో ఒక్కరు కూడా నవ్వలేదు.

మేఖల ఖాళీ ముంత ఎత్తి చూసింది. చుక్క లేదు. ఆకు మూత తిప్పి చూసింది. ఆకు అడుగున, ఈనె పక్కన, ముత్యంలా ఒకే ఒక్క బొట్టు.

"ఒక్క బొట్టు ఉంది!" అంది.

రాజవైద్యుడు పెదవి విరిచాడు. "బొట్టుతో ఏమవుతుంది రాకుమారీ? ఏ మందైనా గిద్దెడు పసరుకి ఏడు గిద్దెల తేనె పోసి తవ్వెడు చెయ్యాలి. అలా కొలిచే మా తాతల నుంచీ..."

"తవ్వెడు మందా! ఆయన్ని అందులో తాగమంటారా, ఈదమంటారా?" అంది మేఖల. అందరూ భరిణె మూత వైపు చూశారు. "గిద్దె అని చిలక చెప్పలేదండీ. పాళ్ళు చెప్పింది. గిద్దెడుంటే ఎనిమిది గిద్దెలవుతుంది. బొట్టుంటే ఎనిమిది బొట్లవుతుంది. పాళ్ళు చెడనంతవరకూ కొలత పెద్దదైనా చిన్నదైనా మందు మందే. మా నాన్న బొటనవేలంత అయ్యారు. అయినా నాన్న కాకుండా పోయారా?"

వెండి గిన్నె తెచ్చింది. పసరు బొట్టు జార్చింది. దర్భపుల్ల కొసతో తేనె ఏడు బొట్లు వేసింది. కలిపింది. ఒక బొట్టు పుల్లతో తీసి రాజుగారి నాలుక మీద వేసింది.

అందరూ మూత మీదకి వంగారు. 

భరిణె మూత టక్కున పగిలింది. రాజు రెట్టింపయ్యాడు!

రెండో బొట్టు. జానెడు. మూడో బొట్టు. మూరెడు. నాలుగో బొట్టు. రెండు మూరలు. రాణిగారు దుప్పటి తెచ్చి కప్పింది. అయిదో బొట్టు. నాలుగు మూరల గజకేతుడు, ఉన్న మీసాలతో ఉన్నట్టుగా, సభ మధ్యలో నిలబడ్డాడు!

నగారాలు మోగాయి. ఆవులు బెదిరి అరిచాయి. జయధ్వజుడు తండ్రి కాళ్ళ మీద పడితే, రాజు లేపి గుండెలకి హత్తుకున్నాడు. తరవాత గిన్నెలోకి ఆశగా చూశాడు. "అమ్మాయీ, ఇంకా మూడు బొట్లున్నట్టున్నాయి. ఇంకొక్కటి వేస్తే...?"

"వద్దు నాన్నగారూ. అయిదుసార్లు సగమయ్యారు, అయిదుసార్లు రెట్టింపయ్యారు. ఆరోది వేస్తే సింహాసనం పట్టదు."

ఆ మాటలింకా అవనే లేదు, చిలక ఎగిరొచ్చి గిన్నెలో ముక్కు పెట్టి మిగతా మూడూ నాకేసింది. తీపి కనిపిస్తే ఆగే రకమా అది? ఈకలు జలజలా రాలాయి. చిలక ఉన్నచోట ఒక కుర్రాడు నిలబడ్డాడు. చామనఛాయ, చురుకైన కళ్ళు, పొట్ట మాత్రం కొంచెం ముందుకి. జామకాయల పుణ్యం.

"నా పేరు మకరందుడు" అన్నాడు. "పక్క దీవి రాకుమారుణ్ణి. నన్ను తగ్గించి తగ్గించి చిలకని చేసి, తన ప్రాణం నాలో దాచాడు వాడు. పసరు నాలుకకి తగలగానే అది వాడి దగ్గరికే పోయింది, ఇక నేను పెరిగినా వాడు తరగడు. ఉండేవాణ్ణి అని ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందా?"

మేఖలకి నవ్వాగలేదు.

రాజు గొంతు సవరించుకున్నాడు. "తల్లీ! అన్నలిద్దరూ ఒప్పుకున్నారు, ఈ సింహాసనం నీది. ఇక ఈ అబ్బాయిని చూస్తే నాకు నచ్చాడు. నీ మాటేమిటి?"

"ఒక ప్రశ్న అడుగుతాను నాన్నగారూ" అని మేఖల మకరందుడి వైపు తిరిగింది. "ఒక్క సన్నాయి మేళగాడు పాట ఊది ముగించడానికి ఒక ఘడియ పడుతుంది. నలుగురు కలిసి ఊదితే?"

గురువుగారు తల వంచుకున్నాడు. రాజు మీసం కింద పెదవి కొరుక్కున్నాడు. సభంతా చెవులు రిక్కించింది.

మకరందుడు పొట్ట నిమురుకున్నాడు. "ఘడియే. పాట పొడవు తరగదు కదా. కాకపోతే వీధి చివరివాళ్ళకి కూడా వినిపిస్తుంది" అన్నాడు.

"ఆ రెండో సంగతి నాకు తట్టలేదు" అంది మేఖల. అని, సిగ్గుపడకుండా అందరి ముందూ అతని చెయ్యి పట్టుకుంది.

పెళ్ళికి నలుగురు కాదు, నలభైమంది సన్నాయి మేళగాళ్ళని పిలిపించారు. పాట ఘడియలోనే అయింది గానీ ఏడు సముద్రాల అవతల గిజిగాళ్ళకి కూడా వినిపించిందట. తాబేలుకి ఇరవై ఒక్క గంపల తోటకూర పంపారు, పైన ఒక మర్యాద గంప. ఊరందరికీ అట్లు పోశారు, ఇద్దరికి మూడు చొప్పున, ఎవరికీ తక్కువ కాకుండా. జానెడు వక్రనాసుణ్ణి అదే ఇత్తడి మానికలో పెట్టి రోజూ కడుపునిండా తిండి పెట్టారు. పొట్టివాడని మాత్రం ఎవరూ నవ్వలేదు. రాణి మేఖల ఆజ్ఞ అది.

మేఖలా మకరందుడూ రాజ్యాన్ని చెరిసగం చూసుకుంటూ జుట్టు నెరిసేదాకా ఏలారు. రాజభవనంలో తెరలన్నీ తీయించేశారు. పాఠం వినాలనుకున్న పిల్ల వచ్చి ముందు వరసలో కూర్చునేది.

కథ అయింది. ఇందులో చెప్పినవాళ్ళది ఒక పాలు. మిగతా ఏడు పాళ్ళూ విన్న మీవి.